కాఫీ పిప్పిని కాలువ పాలు చేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ వరకు రోజూ తెల్లవారుజామున నడిచే నాకు, హోటళ్ల వెనుక ఫిల్టర్ల నుంచి దులిపిన కాఫీ పిప్పి, ఇంకా ఆవిరి తగ్గకముందే, కాగితపు కప్పులతో కలిసి కాలువలో పడటం కనిపిస్తుంది. నీటిలో కరగని ఆ పిప్పి అడుగున పేరుకుంటుంది. చెత్తకుప్పకు చేరితే గాలి ఆడక కుళ్లి మీథేన్ వాయువును వదులుతుంది.

నిజానికి ఆ పిప్పిలో మొక్కలకు పనికొచ్చే నత్రజని సుమారు 2 శాతం ఉంటుంది. అయితే మొక్క మొదట్లో పచ్చిగా, మందంగా పోస్తే గట్టి పొరలా బిగుసుకుని నీటిని ఇంకనివ్వదు (మా పెరటి కరివేపాకు చెట్టు దగ్గర నేను చేసిన పొరపాటు ఇదే). ఎండుటాకులు, పేడ కలిపి, తడి ఆరకుండా చూస్తూ కొన్ని నెలలు మాగనిస్తే, నల్లగా పొడిపొడిగా, మట్టి వాసనతో చక్కని కంపోస్టు తయారవుతుంది.

తడి, పొడి చెత్తను పుట్టినచోటే వేరుచేయాలని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. కప్పుల లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక వాటిని పిప్పితో కలపనే కూడదు. నగరపాలక సంస్థ హోటళ్ల నుంచి పిప్పిని విడి డబ్బాల్లో సేకరించి, సేంద్రియ పదార్థం కొరవడిన మన ఎర్రనేలల్లో చీనీ (బత్తాయి) తోటలు పెంచే రైతులకు కంపోస్టుగా అందించే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అనంతపురం