తొవ్వ పొంటి ఆదుకున్నోళ్ళందరికీ దండాలు

అందరికీ నమస్తే. నిన్న మాపటికి క్షేమంగ నల్గొండ చేరిన. కొండమల్లేపల్లి, దేవరకొండ, మన్ననూర్, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొత్తకోట మీదికెల్లి ఆలంపూర్ దాక లిఫ్టులు అడుక్కుంట పోయొచ్చిన. ఎక్కడ తిన్నా ఎక్కడ పండుకున్నా తెల్వని మనుషుల పుణ్యమే. సగం మంది పేర్లు అడగనే లేదు, తెలిసిన పేర్లు కూడ వాళ్ళను అడగకుంట ఇక్కడ రాసుడు మంచిగుండదని రాస్తలేను. కానీ ఎక్కించుకున్న ప్రతి మనిషి నేను దిగేలోపు రోడ్డు మీద బతికే ముచ్చట ఏదో ఒకటి చెప్పిండు, అవి రాస్త, నా తర్వాత పోయేటోళ్ళకు పనికొస్తయి, వాళ్ళకు నేను చెయ్యగలిగింది కూడ ఇదే.

ముందుగాల పాల క్యాన్ల పెద్దాయనకు దండం. టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు దిక్కుల ఖాళీ క్యాన్లు ఏలాడదీసుకోని పోతుండె, నన్ను సూసి ఆపి ఎక్కు బిడ్డా అన్నడు. ఆయనకు మెడ తిరగదు, దిగినంక నాతోని మాట్లాడనీకి నడుము కాడికెల్లి మొత్తం మనిషే తిరిగిండు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి పెరిగినోళ్ళల్ల ఇట్లాంటోళ్ళు మస్తుమంది ఉన్నరు, మన జిల్లా వాళ్ళకు నేను చెప్పే పనిలేదు. నా ఖాళీ సీసా సూసి, ఎండకు నోరు ఎండుకపోయినా సరే చేతిపంపు కనపడంగనే తాగకు, కాగబెట్టినా ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకింత ఎక్కువైతది, మిషన్ భగీరథ నల్లా కాడ పట్టుకో, లేకపోతే ఊర్లె వాటర్ ప్లాంట్ ఏడుందో అడుగు అన్నడు. రెండు రోజులు తాగితే బొక్కలు వంగిపోవని నాకూ ఎరుకనే. అయినా ఆయన అట్ల తిరిగి నిలబడి చెప్పినంక ఆలంపూర్ దాక ఏ ఊర్లె సీసా నింపినా ఇవి ఏ నీళ్ళని అడిగే నింపిన.

ఇగ లారీ అన్న. మిర్యాలగూడల బియ్యం లోడు ఎత్తుకోని దేవరకొండ, కల్వకుర్తి మీదికెల్లి జడ్చర్ల పోయి అక్కడ బెంగళూరు రోడ్డు ఎక్కేటాయన. ఈయన దగ్గర నేర్చుకున్నదే అందరికంటె ఎక్కువ. నేను కొండమల్లేపల్లిల మూల మలుపు కాడ నిలబడి చెయ్యి ఊపుతుంటే ఆపకుంట ముందుకు పోయి, జర దూరంల రోడ్డు ఎడల్పున్న కాడ ఆపి హారన్ కొట్టిండు. ఎక్కంగనే మొదటి మాట అదే చెప్పిండు, లోడు బండి మీద బ్రేక్ కొట్టి నిలబెట్టి మళ్ళ పికప్ అందుకునుడు అంటే ఎంత డీజిల్, ఎంత టైమో నీకు తెల్వదు తమ్మీ, అందుకే బండి అప్పటికే స్లో అయ్యే కాడ నిలబడాలె, స్పీడ్ బ్రేకర్ దాటినంక, టోల్ గేట్ దాటి బండ్లు మెల్లగ కదిలే కాడ, మనిషి దూరం నుంచే కనపడాలె, బండి పక్కకు తీసే జాగ ఉండాలె, మలుపు మీద నిలబడితే ఆపుదామన్నా ఎనక బండి వచ్చి గుద్దుతదని ఎవరూ ఆపరు.

నంబర్ ప్లేటు చదువుడు కూడ ఆయన చెప్పిందే. 05 అంటే నల్గొండ, 06 అంటే పాలమూరు, 31 నాగర్‌కర్నూల్, 32 వనపర్తి, 33 గద్వాల. ముందర టీఎస్ ఉన్నా, 2024 మార్చి నుంచి వస్తున్న టీజీ ఉన్నా ఈ అంకెలు అవే. ఇంకా పాత బండ్లయితే ఏపీ 24 మన నల్గొండది, ఏపీ 22 పాలమూరుది. మాపటీలి బండ్లు ఇంటి మొఖాన పోతయి కదా, అప్పుడు నువ్వు పోయే జిల్లా నంబర్ సూసి చెయ్యెత్తు అన్నడు. ప్రతీసారి పనిచెయ్యదు గనీ అచ్చంపేట కాడ నాకు పనిచేసింది. అట్టముక్క మీద పేరు రాసుకునేటోళ్ళు ఆఖరి ఊరు రాయొద్దంట, ముందర వచ్చే పెద్ద ఊరు రాయాలె. జడ్చర్ల అని రాస్తే షాద్‌నగర్‌ల ఎవరన్న ఆపుతరు, కన్యాకుమారి అని రాస్తే ఇంత దూరం ఈ పిలగాణ్ని ఎవడు మోస్తడని పోతరు. 44వ నంబర్ హైవే మీద హర్యానా, రాజస్థాన్ లారీలు నడుస్తయి కాబట్టి అట్టకు ఎనక దిక్కు హిందీల కూడ రాసుకొమ్మన్నడు.

కేబిన్‌ల ఎట్లుండాలో కూడ చెప్పాలె. చెప్పులు తీసి ఎక్కిన, ముందర దేవుని పటం ఉంటది, రాత్రి వాళ్ళు పండుకునేది గూడ అక్కడనే కాబట్టి అది వాళ్ళకు ఇల్లే. దేవరకొండ దాటినంక బండి పక్కకు ఆపి, కట్టె తీసుకోని ఒక్కో టైరు కొట్టుకుంట చుట్టు తిరిగిండు, గాలి సరిగ్గ ఉన్న టైరు గట్టిగ మోగుతది, తగ్గిన టైరు మెత్తగ పలుకుతది, నాతోని కూడ కొట్టిపిచ్చిండు, లోపలి దిక్కు టైరు ఒకటి తేడా పలికితే నేనే పట్టిన. లోడు మీద కప్పిన పట్టా తాడు వదులైతే గుంజి కట్టనీకి సాయం పోయిన. దిగేటప్పుడు మొఖం బండి దిక్కు పెట్టి, చేతులతోని పట్టుకోని మెట్టు మెట్టు దిగాలంట, బయటికి సూసుకుంట దునికితే బ్యాగు బరువుకు కాలు మడతవడ్తదంట. అన్నిటికంటె పెద్ద మాట, పక్క సీట్ల కూసున్నోడు నిద్రపోవద్దు. తెల్లారగట్ల డ్రైవర్‌కు కన్ను మూతపడే టైంల మాట్లాడే మనిషి ఉండాలనే కొంతమంది లిఫ్ట్ ఇస్తరు, మనం గురక పెడితే ఆయనకు గూడ నిద్ర వస్తది.

కొంతమంది డ్రైవర్లు ఆపకపోతే మనసుల ఏం పెట్టుకోవద్దు. సరుకు బండిల ఉత్తగ ఎక్కిన మనిషికి ఆ బండి మామూలు ఇన్సూరెన్స్ వర్తించది, జరగరానిది జరిగితే డ్రైవర్, ఓనర్ మెడకు సుట్టుకుంటది. అది తెలిసి కూడ ఎక్కించుకున్నడంటే ఆ అన్నకు నేనెంత రుణపడ్డనో మీరే ఆలోచించిన్రి. శ్రీశైలం రోడ్డు కలిసే కాడ దింపి, నేను ఇంకో బండి ఎక్కేదాక ఆగి సూసి పోయిండు.

ఒక్క మాట, మన దిక్కు ఆటోలు, తూఫాన్ జీపులు, కొన్ని లారీలు గూడ మనిషికింత అని పైసలు తీసుకోని ఎక్కించుకుంటయి. అందుకే ఎక్కకముందే "అన్నా లిఫ్ట్ అడుగుతున్న, కిరాయి ఇయ్యలేను" అని సాఫ్‌గ చెప్పాలె. దిగినంక పంచాది మంచిది కాదు, అది వాళ్ళ పొట్టకూడు. కిరాయి వద్దన్నోళ్ళకు చాయ్ అన్న తాపియ్యాలె.

మన్ననూర్‌ల టిఫిన్ హోటల్ దంపతులకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. నేను పోయేసరికే చీకటి పడ్డది. అక్కడికెల్లి ముందుకంత అమ్రాబాద్ పులుల అడవి, 2,600 చదరపు కిలోమీటర్ల పైననే ఉంటది, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక చెక్‌పోస్ట్ మూసి బండ్లను పంపరు. శ్రీశైలం దిక్కు లిఫ్ట్ మీద పోవాలనుకునేటోళ్ళు ఇది లెక్కల పెట్టుకోవాలె, సాయంత్రం ఆ గేటు కాడికి ఎవరన్న తీసుకపోతమన్నా ఆలోచించుకోవాలె. ఆ అక్క ఇంక షట్టర్ దించే టైంకు అన్నం, పచ్చిపులుసు పెట్టి, రెండు బెంచీలు కలిపి పండుకొమ్మన్నది. పొద్దుగాల గేటు తెరవకముందే చెక్‌పోస్ట్ కాడ బండ్లు లైన్ కడ్తయి, అప్పుడు పోయి మర్యాదగ అడుగు, ఆగిన బండిని అడుగుడు అల్కగ ఉంటది అని చెప్పింది కూడ ఆమెనే. అట్లనే శ్రీశైలం పోయే ఒక కుటుంబం దోమలపెంట దాక కార్ల ఎక్కించుకున్నరు. అడవిల సిగ్నల్ ఉండది, ఇంటికి మెసేజ్ మన్ననూర్‌లనే పెట్టుకోవాలె. మధ్యల బండి ఆపమని అడగొద్దు, కోతులకు తినేటివి ఏయొద్దు.

కొత్తకోట కాడ మిర్చిబజ్జీల బండి అమ్మ లేకుంటే ఏమైతుండెనో నేను చెప్పలేను. వడదెబ్బ తాకింది. కండ్లు తిరిగినయి, చెమట పట్టుడు గూడ బందైంది, బ్యాగు మీదనే కూలబడ్డ. ఆమె పొయ్యి ఆర్పి, నీడకు గుంజుకపోయి, బట్ట తడిపి మెడకు, సంకల కింద పెట్టి మార్చుకుంట కూసున్నది. జర తెలివొచ్చినంకనే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు గుక్క గుక్క తాపింది, స్పృహ లేనోని నోట్లె నీళ్ళు పొయ్యొద్దు బిడ్డా, ఊపిరి దిక్కు పోతయి అన్నది. పక్క కొట్టు తమ్ముడు 108కు ఫోన్ కొడతనని చేతిల పట్టుకోనే నిలబడ్డడు. ఆ పూట ఆమె గిరాకీ పోయింది, పైసలిస్తే తీసుకోలేదు, నా కొడుకు గూడ పుణెల కూలి పనికి పోయిండు, అక్కడ ఎవరన్న సూసుకుంటరు అన్నది. అమ్మా, ఈ ముచ్చట మీకు ఎవరన్న సదివి వినిపిస్తే, నేను మంచిగున్న. అప్పటిసంది పొద్దుగాల 10 లోపు, మళ్ళ 4 దాటినంకనే రోడ్డెక్కిన, సంచిల ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకున్న.

బీచుపల్లి ఇవతల పెట్రోల్ బంక్ తమ్ముళ్ళకు కూడ చాలా థ్యాంక్స్. రాత్రి ఆఫీస్ రూం అరుగు మీద జాగ ఇచ్చిన్రు, లైటు ఉంటది, కెమెరా ఉంటది, నీళ్ళ తొట్టి ఉంటది. ఆగి ఉన్న లారీ కింద నీడున్నదని ఎన్నడూ పండుకోకు, డ్రైవర్‌కు నువ్వు కనపడవు, పొద్దుగాల సెల్ఫ్ కొట్టి ఎళ్ళిపోతడు అని ఒకటికి రెండుసార్లు చెప్పిన్రు. బూట్లు ఏసుకునే ముందు దులుపుకో, తేళ్ళు తిరుగుతయన్నరు. హైవే మీద ఏమన్న అయితే 1033, పోలీస్‌కు 112 అని ఫోన్‌ల వాళ్ళే సేవ్ చేసి ఇచ్చిన్రు. ఎక్కే ముందు బండి నంబర్ ఫొటో తీసి ఇంటికి పంపుడు మా చెల్లె పెట్టిన షరతు, డ్రైవర్‌కు చెప్పే తీసేది, ఒక్కరు గూడ తప్పుగ అనుకోలేదు.

మా చెల్లె తానూ పోతనంటున్నది. ఆడపిల్లలకు నేను చెప్పేది, లారీ అన్నలు చెప్పింది కూడ ఇదే, ఒక్కతే ఉంటే లిఫ్టుల మీద ఆధారపడొద్దు, 2023 డిసెంబర్ నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల ఆడోళ్ళకు టికెట్ లేదు, ఆధార్ ఒకటి దగ్గర పెట్టుకుంటే తెలంగాణ మొత్తం తిరగొచ్చు.

నల్గొండ మీదికెల్లి ఇట్ల పోయేటోళ్ళు ఎవరున్నా క్లాక్ టవర్ కాడ దిగి నాకు మెసేజ్ పెట్టిన్రి. నేనే బండి మీద వచ్చి తీసుకపోత, మా అమ్మకు ముందే చెప్పి పెట్టిన, అన్నం తిని మిద్దె మీద పండుకోని పొద్దుగాల పోవచ్చు.