మా టెర్రస్ మీది ఎండ ఫ్లాట్లలోకి ఎందుకు దిగడం లేదు? ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను మల్కాజ్‌గిరిలో ఉంటాను. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మా అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు ఉన్నాయి. సంఘం డబ్బు లెక్కలు మూడేళ్లుగా నేనే చూస్తున్నాను. మెయింటెనెన్స్ ఎవరు కట్టారు, ఎవరు బాకీ ఉన్నారు, లిఫ్ట్ రిపేరుకు ఎంతయింది, కామన్ మీటర్ బిల్లు ఎంతొచ్చింది, అన్నీ ఒక నోట్‌బుక్కులో రాస్తాను. ఆ నోట్‌బుక్కులో ఆర్నెల్లుగా తేలని లెక్క ఒకటి ఉండిపోయింది. మేము ఎంత కూర్చున్నా అది తేలదు, మీరు తలుచుకుంటే తేలుతుంది. అందుకే రాస్తున్నాను.

ఆర్నెల్ల కిందట జనరల్ బాడీ మీటింగులో టెర్రస్ మీద సోలార్ పెట్టుకుందామని అనుకున్నాం. అందరూ ఒప్పుకున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ఒక మాట మీదికి రావడం ఎంత అరుదో సంఘాలు నడిపేవాళ్లకు తెలుసు. ఒక ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని నేనూ మా వాచ్‌మన్ భార్యా టెర్రస్ అంతా కొలిచాం. మొత్తం 4,500 చదరపు అడుగులు. లిఫ్ట్ రూమ్, నీళ్ల ట్యాంకులు, వాచ్‌మన్ వాళ్ల రేకుల గది, పిట్టగోడ నీడ పడే చోటు, బట్టలారేసే తీగలు తీసేస్తే 2,000 చదరపు అడుగులు మిగిలాయి. మా అత్తమ్మ వడియాలు, చల్లమిరపకాయలు ఎండబెట్టుకునే తూర్పు మూలను నేను ముట్టుకోలేదు. ఆ మూల ఒక్క మా అత్తమ్మది కాదు, ఐదు అంతస్తుల్లో ఉన్న పెద్దవాళ్లందరిదీ.

ఒక కిలోవాట్ ప్యానెళ్లకు దాదాపు 100 చదరపు అడుగుల చోటు కావాలి. అంటే మా టెర్రస్ మీద 20 కిలోవాట్లు పడతాయి. మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. నెలకు 2,400 యూనిట్లు. ఫ్లాట్‌కు 120 యూనిట్ల చొప్పున పంచుకోవచ్చు. ఎండాకాలం కూలర్లు, ఏసీలు వేసి 300 యూనిట్లు కాల్చే ఇంటికి 120 యూనిట్లు తగ్గితే బిల్లు 200 యూనిట్ల లోపలికి వచ్చేస్తుంది. 200 దాటితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుందన్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

లెక్క చూసుకుని చాలా సంతోషపడ్డాను. తరువాత ఒక ఆఫీసుకు వెళ్లి అడిగితే, "మేడమ్, కామన్ మీటర్‌కు మాత్రమే నెట్ మీటర్ వస్తుంది. ఫ్లాట్లకు పంచడం కుదరదు" అన్నారు. నెట్ మీటర్ అంటే సోలార్‌తో వచ్చిన యూనిట్లను బిల్లులో తగ్గించే మీటర్. మా కామన్ మీటర్ మీద లిఫ్ట్, బోరు మోటారు, కారిడార్ లైట్లు, వాచ్‌మన్ గది అన్నీ కలిపి నెలకు 700 యూనిట్లు కాలతాయి. దానికి 6 కిలోవాట్లు సరిపోతాయి. మిగతా 14 కిలోవాట్ల చోటు ఖాళీగా ఉండాల్సిందే.

పోనీ ఫ్లాట్ ఓనర్లు ఎవరికి వాళ్లు పెట్టుకుందామంటే టెర్రస్ ఏ ఒక్కరిదీ కాదు. అందరికీ యూడీఎస్‌లో, అంటే విడదీయని ఉమ్మడి ఆస్తిలో, వాటా ఉన్న చోటు అది. ఒక్కరు ప్యానెల్ పెట్టాలన్నా మిగతా 19 మంది సంతకం పెట్టాలి. అందులో ముగ్గురు అమెరికాలో ఉన్నారు, ఒకాయన చనిపోయారు, ఆయన పిల్లల మధ్య ఫ్లాట్ పంపకం ఇంకా తేలలేదు. అందరూ సంతకాలు పెట్టినా 20 కుటుంబాలు 20 ఇన్వర్టర్లు బిగించుకుని, పై నుంచి కిందికి 20 వైర్లు దింపుకోవాలి. ఇది ఎక్కడైనా జరిగే పనేనా?

ఈ చిక్కుకు మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. టెర్రస్ మీద ఒకే ప్లాంటు పెట్టి, ఒకే మీటరుతో కొలిచి, వచ్చిన యూనిట్లను వాటాల ప్రకారం ఒక్కో ఫ్లాట్ బిల్లులో తగ్గించడమే. కరెంటు వైర్లు ఎక్కడివక్కడే ఉంటాయి, లెక్క మాత్రం పంచుకుంటారు. దీన్ని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఢిల్లీలో దీనికి 2019లోనే మార్గదర్శకాలు వచ్చాయి. నిబంధనలు విద్యుత్ నియంత్రణ మండలి చేతిలో ఉంటాయని నాకు తెలుసు. కానీ ప్రభుత్వం గట్టిగా పూనుకుంటే ఆ పని ఎంత వేగంగా కదులుతుందో కూడా తెలుసు. పాలసీలో ఒక వాక్యంగా ఉంటే మాకు సరిపోదు. మా కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి టేబుల్ మీద దీనికి ఒక దరఖాస్తు ఫారం ఉండాలి. దానికి ఒక గడువు ఉండాలి. అప్పుడే ఇది మాకు వచ్చినట్టు.

సబ్సిడీ సంగతి కూడా చెప్పాలి. పీఎం సూర్యఘర్ పథకంలో సొంత ఇల్లు ఉన్నవాళ్లు 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయలు వస్తాయి. అంటే కిలోవాట్‌కు 26,000. అపార్ట్‌మెంట్ సంఘం కామన్ అవసరాలకు పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000 ఇస్తారు. ఇండిపెండెంట్ హౌస్ కొనుక్కోలేక ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లం మేము. మాకే తక్కువ ఎందుకు వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అది కేంద్రం పథకం, నిజమే. ఆ తేడాను రాష్ట్రం పూడ్చినా అపార్ట్‌మెంట్ల నగరమైపోయిన హైదరాబాద్‌కు అది చిన్న సాయం కాదు.

ఆ ఖాళీగా ఉండిపోయే 14 కిలోవాట్ల లెక్క కూడా వేశాను. ఏడాదికి దాదాపు 20,000 యూనిట్లు. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక్క యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెళ్తుంది. అంటే మా ఒక్క టెర్రస్ దగ్గరే ఏటా 14 టన్నులు ఆపగలిగీ ఆపలేకపోతున్నాం. కూకట్‌పల్లి నుంచి మియాపూర్ దాకా మెట్రోలో వెళ్తూ కిటికీలోంచి చూస్తే ఎన్ని టెర్రస్‌లు కనిపిస్తాయో మీకూ తెలుసు. వాటి మీద ట్యాంకులు, డిష్‌లు ఉంటాయి. ప్యానెళ్లు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. 2070 నాటికి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలే కర్బన వాయువులు తిరిగి పీల్చుకునేంత మేరకే ఉండాలని, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో దేశం మాట ఇచ్చింది. 2025లో మన రాష్ట్రం క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ తెచ్చి, 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్లు అని లక్ష్యం పెట్టుకుంది. రామగుండంలో నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సోలార్ కప్పు వేశారు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో అమ్ముడుపోని, కుళ్లిన కూరగాయలతో కరెంటు తీస్తున్నారు. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్లు. ఆ టెక్నాలజీ మన తార్నాకలోని ఐఐసీటీ అనే పరిశోధన సంస్థది అని క్లాసులో చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. పక్క వీధిలో పుట్టిన పని అది. ఇలాంటి పెద్ద పనులు చూసి గర్వపడతాను. వాటి వెలుగు కింద మాలాంటి ఇళ్ల సంగతి మరుగున పడిపోకూడదని మాత్రమే అడుగుతున్నాను.

ఇప్పుడు మా టెర్రస్ మీది రేకుల గది గురించి. మా వాచ్‌మన్, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు అందులో ఉంటారు. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు పల్లె. టెర్రస్ కొలిచిన రోజు పదకొండు గంటలకు టేపు చుట్టి ఆ గదిలోకి మంచినీళ్లకు వెళ్లాను. గుమ్మం దాటగానే పొయ్యి మీద మూత తీసినట్టు సెగ ముఖానికి కొట్టింది. చిన్నది నేల మీద తడి చీర పరుచుకుని దాని మీద బోర్లా పడుకుని హోంవర్క్ రాస్తోంది. చెమటకు నోట్‌బుక్కులో కాగితం అంటుకుపోయి అక్షరాలు చెదిరాయి. "సాయంత్రం రేకుల మీద నీళ్లు చల్లుతం మేడమ్, అప్పుడు జర నిద్ర పడ్తది" అంది వాళ్లమ్మ. ఆ నీళ్లు పైకెక్కించడానికి మళ్లీ మోటారు తిరగాలి, మళ్లీ కరెంటు కాలాలి.

2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. కూల్ రూఫ్ అంటే ఎండను వెనక్కి కొట్టే పూత లాంటిది వేసి చల్లగా ఉంచే పైకప్పు. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబరచాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే అని లక్ష్యం. మంచి పాలసీ, మనసారా చెబుతున్నాను. అయితే ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని ఇళ్లకు తప్పనిసరి చేశారు. అంతకన్నా చిన్న ఇళ్లకు ఇష్టమైతే వేసుకోవచ్చు అన్నారు. 600 గజాల ఇంట్లో ఏసీ ఉంటుంది. 60 గజాల్లో రేకుల కింద ఉండేవాళ్లకే ఎండ నేరుగా నెత్తి మీద దిగుతుంది. వాళ్లను తప్పనిసరి జాబితాలో వేసి జరిమానా వేయమని కాదు నా మాట. పని వాళ్ల దగ్గర మొదలుపెట్టి, ఖర్చు ప్రభుత్వం పెట్టుకోమని.

ఆ ఖర్చు ఎంతో కూడా మేము చూశాం. మా సంఘం డబ్బుతో సున్నం, ఫెవికాల్ తెచ్చి, ఆ రేకుల మీద రెండు పూతలు వేయించాం. మూడు వేలు కూడా కాలేదు. ఇంట్లో ఉండే మామూలు థర్మామీటర్ పట్టుకుని పూత వేయకముందూ వేశాకా మధ్యాహ్నం రెండింటికి చూశాను. ఎండ ఒకేలా ఉన్న రెండు రోజుల్లో గదిలో నాలుగు డిగ్రీలు తేడా వచ్చింది. ఇది నా చేతి లెక్క, శాస్త్రవేత్తల కొలత కాదు. కానీ ఆ పాప ఇప్పుడు మధ్యాహ్నం గదిలోనే కూర్చుని చదువుతోంది. ఏటా ఉగాది ముందు ప్రతి డివిజన్‌లో మహిళా సంఘాల చేత ఈ పని చేయించవచ్చు. వాళ్లకు నాలుగు పని దినాలు దొరుకుతాయి, రేకుల కింద ఉండేవాళ్లకు నిద్ర దొరుకుతుంది.

అద్దెకుండేవాళ్ల సంగతి ఇంకొకటి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే రేషన్ కార్డు కుటుంబాలకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. దాన్ని తీసేయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా మూడో అంతస్తులో అద్దెకుండే టైలరమ్మకు ఆ డబ్బు పిల్లవాడి బస్ పాస్ అవుతోంది. అయితే ఆ యూనిట్ల డబ్బు ప్రభుత్వం ప్రతి నెలా కడుతూనే ఉంది, వచ్చే ఏడాదీ కడుతుంది, ఆపై ఏడాదీ కడుతుంది. 2 కిలోవాట్ల ప్యానెళ్లు పెడితే నెలకు 240 యూనిట్లు వస్తాయి. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి. జీరో బిల్లు అలాగే ఉంచి, ఆ కరెంటు మాత్రం బొగ్గు నుంచి కాకుండా టెర్రస్ నుంచి వచ్చేలా పెట్టుబడి పెడితే, కొన్నేళ్లకు ప్రభుత్వం మీద భారమే తగ్గుతుంది. ఇలా చేయాలన్నా ముందు నేను చెప్పిన వాటాల లెక్క రావాలి. అద్దెకుండేవాళ్లకు టెర్రస్ మీద హక్కు ఉండదు, వాళ్ల పేరు మీద బిల్లు మాత్రమే వస్తుంది.

ఎలక్ట్రిక్ బండ్ల గురించి ఎక్కువ రాయను. రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఉందని షోరూముల వాళ్లే గోల చేసి చెబుతున్నారు. మా గల్లీలో ఎలక్ట్రిక్ ఆటో నడిపే తమ్ముడు ఒకడున్నాడు. ట్యాక్స్ మిగిలింది, బాగానే ఉంది. రాత్రిపూట చార్జింగ్ ఎక్కడ పెట్టాలన్నదే అతని టెన్షన్. అద్దె ఇంటి ఓనరు మీటర్ ముట్టుకోనివ్వడు. ఖరీదైన కార్లకు ఇచ్చే మినహాయింపులో కొంత తగ్గించి, ఆటో స్టాండ్ల దగ్గర నిదానంగా ఎక్కే చిన్న చార్జింగ్ పాయింట్లు పెడితే అతని లాంటివాళ్లు ధైర్యంగా బండి కొంటారు.

మంత్రి గారూ, మాకు తొందర ఎందుకంటే, ప్యానెళ్లకు ఇనుప స్టాండు ఒక్కసారే కట్టించగలం. ఎనిమిదడుగుల ఎత్తున కడితే కింద బట్టలు ఆరేసుకోవచ్చు, రేకుల గదికీ నీడ వస్తుంది. 6 కిలోవాట్లకు కట్టించి, రెండేళ్ల తరువాత 20కి మార్చాలంటే మళ్లీ స్లాబ్‌కు కన్నాలు వేయాలి, మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. అంత డబ్బు మా సంఘం దగ్గర ఉండదు. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ మీటింగు ఉంది. కొటేషన్లు రెండూ నా నోట్‌బుక్కులోనే ఉన్నాయి, ఒకటి 6కి, ఒకటి 20కి. ఏది చదవమంటారో మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు రూపంలో చెప్పండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
అపార్ట్‌మెంట్ సంఘం కోశాధికారి,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్