అడంగల్‌లో పేరు ఎవరు మార్చారో తెలియాలి

సంపాదకునికి,

మా నాన్న పేరు మీదున్న నాలుగెకరాల వేరుశనగ చేను ఒకరోజు ఆన్‌లైన్ అడంగల్‌లో, అంటే ఏ పొలం ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డులో, వేరేవాళ్ల పేరుతో కనిపించింది. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చెప్పే దిక్కు లేదు. సరిచేయించుకోవడానికి ఏడు నెలలు తిరిగాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇలాంటి మార్పుల్ని పట్టించే పద్ధతి ఒకటుంది, బ్లాక్‌చైన్. ఆ పేరు అనగానే బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బే గుర్తొస్తుంది. 2009లో దానితోనే వాడుకలోకి వచ్చిన మాట నిజమే. కానీ అసలు సంగతి చిట్టా రాసే పద్ధతిలో ఉంది. ఒకే చిట్టా ఎన్నో కంప్యూటర్లలో ఉంటుంది. ప్రతి పుటలోనూ అంతకుముందు పుట తాలూకు హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి గుర్తు ఉంటుంది. పాత పుటలో ఒక్క అక్షరం మార్చినా ఆ గుర్తు కలవదు, మార్పు బయటపడుతుంది.

భూరికార్డులకు దీన్ని వాడతామని మన రాష్ట్రంలో 2017లోనే ప్రకటించారు. అనంతపురం జిల్లాలో కనీసం ఒక మండలంలోనైనా అమలు చేసి చూపించండి. అయితే కాపీలన్నీ ఒకే ఆఫీసు చేతిలో ఉంటే లాభం లేదు. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలు, బ్యాంకులు తలా ఒకటి ఉంచుకోవాలి. ఆధార్, ఫోన్ నంబర్లు అందులో పెట్టనే కూడదు, పత్రం హ్యాష్ చాలు. తప్పు పేరు ఎక్కితే ఆ తప్పే పదిలంగా ఉండిపోతుంది కాబట్టి, ఎక్కించే ముందు గ్రామసభలో చదివి వినిపించాలి.

- ఒక రైతు కొడుకు, గుత్తి, అనంతపురం జిల్లా