కోనకు వెళ్లేవాళ్ల వెంట ఊరి మనిషిని పంపండి

సంపాదకులకు నమస్కారం.

మేము ముప్పై ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. వానలు మొదలయ్యాయంటే చాలు, మా వీధిలో ఏ కాలేజీ పిల్లవాణ్ణి కదిపినా "ఆదివారం ఆంధ్రా ఫాల్స్‌కి వెళ్తున్నాం ఆంటీ" అంటాడు. తడ దగ్గరి ఉబ్బలమడుగు, నారాయణవనం దగ్గరి కైలాసకోన, నాగలాపురం కొండల్లోని మడుగులు, అన్నీ కలిపి వాళ్లకు ఆంధ్రా ఫాల్సే. అన్నీ మన తిరుపతి జిల్లాలోవే. ఇక్కడి నుంచి రెండు మూడు గంటల్లో చేరుకోవచ్చు. ఈ కోనల గురించే ఆంధ్రప్రదేశ్ అటవీశాఖకు మీ పత్రిక ద్వారా ఒక మాట చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత డిసెంబరులో మా అబ్బాయీ వాడి స్నేహితులూ వెళ్తుంటే నేనూ బయల్దేరాను. వీకెండ్ ట్రెక్కులు నడిపే ఒకాయన తలకింత అని తీసుకుని వ్యానులో తీసుకెళ్లాడు. అనుమతి ఉందా అని నేను అడగాల్సింది, అడగలేదు. తెల్లవారేసరికి మామిడితోటల వెనక నుంచి మమ్మల్ని అడవిలోకి తీసుకుపోయాడు. అక్కడి నుంచి వాగు వెంబడే నడక. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎన్నిసార్లు దాటామో లెక్కలేదు. ఎండాకాలంలో మోడుల్లా నిలబడే చెట్లు ఆ వానలకు కొమ్మా కొమ్మా కలిసిపోయి పందిరి వేసినట్టున్నాయి. పాదం మునిగే నీళ్లు, కింద పాచి పట్టిన గుండ్రాళ్లు. రెండు గంటలు నడిచాక హోరు వినపడింది. మరో మలుపు తిరిగితే జలపాతం. రెండు కొండచరియల మధ్య నుంచి సన్నటి ధార, కింద ముదురాకుపచ్చ మడుగు. అంత తేటనీళ్లు చూసి ఎన్నేళ్లయిందో! పిల్లలు పన్నెండు మందీ దిగిపోయారు.

ఒడ్డున ఒక యానాది పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తేనె కోసం వచ్చాడట. ఆయన ధార వైపు చూడటం లేదు. మడుగు అంచున, నీళ్లకు జానెడు పైకి లేచి ఉన్న ఒక బండను చూస్తున్నాడు. కాసేపటికి నీళ్ల మీద ఎండుటాకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైంది. తేటగా ఉన్న నీళ్లకు కొద్దిగా టీ రంగు వచ్చింది. నేను చూశాను కానీ నాకేమీ అర్థం కాలేదు. ఆయన దిగ్గున లేచి, "పైన వాన పడినట్టుండాది. నీళ్లు ఎర్రబడతా ఉండాయి. బిరీన రాండి!" అని అరిచాడు.

పిల్లల్లో తెలుగు వచ్చింది మా వాడికొక్కడికే. వాడేమో ధార కింద ఉన్నాడు, ఆ హోరులో వాడికేం వినపడుతుంది? మిగిలినవాళ్లంతా తమిళ పిల్లలు. పెద్దాయన తమను పలకరిస్తున్నాడనుకుని నవ్వుతూ చేతులూపారు. నేను పైకి రమ్మని తమిళంలో "మేలే వాంగ, మేలే వాంగ!" అంటూ గొంతు చించుకుని కేకలు పెడితే అప్పుడు కదిలారు. వ్యానాయన చెట్టు కింద ఫోన్ చూసుకుంటున్నాడు. చివరి పిల్లవాడు ఒడ్డెక్కి బూట్లు వేసుకునే లోపల ఆ బండ కనబడకుండా పోయింది. మా నెత్తిన మాత్రం ఎండ కాస్తూనే ఉంది. వాగు తగ్గేదాకా రెండు గంటలపాటు పెద్దాయన మమ్మల్ని కదలనివ్వలేదు. తర్వాత తానే ముందు నడుస్తూ, ఏ రాయి కదులుతుందో ఏది నిలుస్తుందో కర్రతో తట్టి చూపిస్తూ దాటించాడు.

2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు, వారిలో చెన్నై నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ ఏడాదే తమిళనాడు ట్రెక్కింగ్‌కు నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబరులో 'ట్రెక్ తమిళనాడు' పేరుతో 40 దారులను ఆన్‌లైన్ బుకింగ్‌తో తెరిచింది. బృందం వెంట శిక్షణ పొందిన స్థానిక గైడ్లు నడుస్తారు. అడవిని నమ్ముకుని బతికే కుటుంబాల యువతకు అది ఉపాధి కూడా అయింది. తమిళనాడు సరిహద్దులోని ఊత్తుకోట దాటితే వచ్చే మన కోనలు ఆ జాబితాలో ఎలాగూ ఉండవు. వాటి సంగతి మన ప్రభుత్వమే చూడాలి.

ప్రమాదం జరిగినప్పుడల్లా కొన్నాళ్లు దారి మూసేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. గేటు మూస్తే మామిడితోటల దారి ఉండనే ఉంది, నేను వెళ్లింది దాంట్లోనే కదా. పైగా ఇవి ఎర్రచందనం పెరిగే కొండలు. స్మగ్లర్ల కోసం కాపలా కాసే అడవిలో ఎవరో తెలియని గుంపులు చీకటితో నడిచిపోతుంటే సిబ్బందికి ఎంత టెన్షన్! వెంట ఊరి మనిషి ఉంటే ఎవరు ఎవరో తెలుస్తుంది, తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి వెళ్తుందో లేదో చూసేవాళ్లూ ఉంటారు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఈ కోనల చుట్టుపక్కల పల్లెల నుంచి, ముఖ్యంగా యానాది కుటుంబాల నుంచి గైడ్లను తీసుకోండి. పది మందికి ఒకరు తప్పనిసరి చేయండి. కూలి టికెట్ డబ్బుల్లోంచి నేరుగా వాళ్ల చేతికే అందాలి, మధ్యలో వ్యానువాళ్ల దయ మీద కాదు. నీళ్లు బాగాలేవని గైడు అంటే ఎంత డబ్బు కట్టినవాళ్లయినా వెనక్కి తిరగాల్సిందే, ఆ అధికారం రాతపూర్వకంగా వాళ్లకు ఇవ్వండి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తమిళులు కాబట్టి హెచ్చరిక బోర్డులు తమిళంలోనూ ఉండాలి. గైడ్లకు "పైకి రండి", "దిగొద్దు", "నీళ్లు పెరుగుతున్నాయి" లాంటి పది మాటలు తమిళంలో నేర్పాలి. ఇదేమీ మనకు కొత్త కాదు. 270 అడుగుల తలకోన జలపాతం దగ్గర వనసంరక్షణ సమితి ద్వారా ఊరివాళ్లనే పర్యాటకంలో భాగం చేసిన అనుభవం మన అటవీశాఖకు ఉంది.

ఆ రోజు మేమంతా చిల్లర పోగుచేసి ఇచ్చింది పెద్దాయన ఒకరోజు కూలికి కూడా సరిపోయి ఉండదు. వ్యానాయన తన చార్జీలో ఒక్క రూపాయి తగ్గించుకోలేదు, ఆయనకు ఒక్క రూపాయీ ఇవ్వలేదు. నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమనేది దానికే.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. ఆ లోపల ఒక్క కోనలోనైనా ఈ ఏర్పాటు మొదలుపెట్టాలని అటవీశాఖ అధికారులను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై