క్యాను ధర ఎందుకు పెంచుతున్నానంటే

మా ప్లాంటు నుంచి నీళ్లు తెప్పించుకుంటున్న అందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి క్యాను ధర కొంచెం పెంచుతున్నాను. ఎందుకో దాచకుండా చెప్తాను. మా బోరు లైసెన్సు కొత్త పద్ధతిలోకి మారింది. ఇన్నాళ్లూ ఏడాదికి ఒకే ఫీజు, ఎంత తోడినా అంతే. ఇకమీదట మీటరు తప్పనిసరి. తోడిన నీళ్లను బట్టి డబ్బు కట్టాలి. నీటిమట్టం పడిపోయిన నెలల్లో తోడుకునే నీళ్లలో కోత కూడా ఉంటుంది.

మొదట చాలా టెన్షన్ పడ్డాను. మీటరు బిగించిన మొదటి వారం లెక్క చూసుకుంటే మాత్రం నోట మాట రాలేదు. వంద లీటర్లు తోడితే క్యాన్లలోకి వెళ్లేది 55. మిగతాదంతా ఆర్వో మిషను వెనక సన్నటి పైపులోంచి కాలవ పాలు. ఆ పైపు కింద గచ్చు మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. ఏళ్లుగా రోజూ దాన్ని దాటుకునే వెళ్తున్నాను. అడిగేవాళ్లు లేరు కాబట్టి పట్టించుకోలేదు, అది నా తప్పే. ఇప్పుడు ఆ నీళ్లను వేరే ట్యాంకులోకి పట్టి నేల కడగడానికీ, క్యాన్లను బయటివైపు కడగడానికీ వాడుతున్నాం. లోపల కడిగేది ఎప్పటిలా మంచినీళ్లతోనే.

వేరే దేశాల్లో నీళ్ల పద్ధతులు ఎలా ఉన్నాయో కూడా చెప్తాను. చిలీలో 1981 చట్టం నీటి హక్కులను, అంటే ఇన్ని నీళ్లు వాడుకోవచ్చన్న అనుమతులను, ఉచితంగా, శాశ్వతంగా ఇచ్చేసింది. వాటిని సరిదిద్దుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 2022 సవరణతో గానీ కొత్త హక్కులకు 30 ఏళ్ల గడువు, తాగునీటికి మొదటి స్థానం రాలేదు. ఆస్ట్రేలియాలో ముర్రే-డార్లింగ్ నదుల కింద ఎవరి వాటాలో ఎంత శాతం నీళ్లు దక్కుతాయో ఏటా నిల్వలు చూసి చెప్తారు. లేని నీటికి కాగితం మీద హక్కు ఉండి ఏం లాభం? అందుకే నాకు ఆ పద్ధతి న్యాయంగా అనిపిస్తుంది. అయితే అక్కడ వాటాలు కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. డబ్బున్నవాళ్లే అన్నీ కొనేస్తారేమోనన్న భయం నాకూ ఉంది.

ఒక్క విషయంలో మాత్రం మన దగ్గర వచ్చిన కొత్త పద్ధతితో నాకు పేచీ ఉంది. మాలాంటి చిన్న ప్లాంటుకీ పెద్ద ఫ్యాక్టరీకీ లీటరుకు ఒకటే రేటు పెట్టారు. ఎక్కువ తోడేవాళ్లకు రేటు పెరుగుతూ పోవాలని అర్జీ రాసి ఇచ్చాను.

కోత పడిన నెలల్లో ముందు ఇళ్లకు, ఆ తర్వాతే ఫంక్షన్లకు ఇస్తాను. ఖాళీ క్యాన్లు త్వరగా తిరిగిస్తే చాలా సాయం చేసినవాళ్లవుతారు. ప్రతి నెలా ఒకటో తారీఖున మీటరు రీడింగు ప్లాంటు గుమ్మం దగ్గర బోర్డు మీద రాస్తాను, చూసి అడగండి.