వరద కంటే ముందే లంకలకు ఫ్లూ టీకా: వైద్య ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

గోదావరి డెల్టాలో టీకాల పని చూసే వైద్యులు, ఫార్మసిస్టులు, ఏఎన్ఎంలం కలిసి రాస్తున్నాం. ముసలివాళ్లకు, గర్భిణులకు, షుగరు, గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లకు, కోళ్ల ఫారాల కూలీలకు ప్రభుత్వ ఖర్చుతో ఫ్లూ టీకా వేయించండి. జాతీయ టీకాల పట్టికలో అది లేదు గనక రాష్ట్రమే కొనాలి. అదీ జూన్ మొదటి వారానికల్లా వేయడం అయిపోవాలి.

ఆ గడువెందుకో చెబుతాం. మన దేశంలో ఫ్లూ జనవరి-మార్చి మధ్య ఒకసారి, వానాకాలంలో మరోసారి పెరుగుతుంది. సూది వేశాక యాంటీబాడీలు చాలినన్ని తయారవడానికి రెండు వారాలు పడుతుంది. నెలలు గడిచేకొద్దీ అవి మళ్లీ తగ్గిపోతాయి. ఇక మన గోదారి సంగతి తమకు తెలియనిది కాదు. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకు రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. చాకలిపాలెం-కనకాయలంక కాజ్‌వే మునిగిందంటే నది మధ్యనున్న ఆ లంకకు పడవే గతి. పునరావాస కేంద్రంలో నాలుగు కుటుంబాలు ఒకే గదిలో పడుకుంటే ఒకరి దగ్గు తెల్లారేసరికి అందరిదీ.

ఏటా ఎందుకు వేయాలని ఆర్థిక శాఖ అడుగుతుంది, సబబే. ఈ వైరస్ ఒంటినిండా హీమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ ముళ్లుంటాయి. అది మన కణాలకు అతుక్కునేది వాటితోనే, మన యాంటీబాడీలు ముఖ్యంగా పట్టుకునేదీ వాటినే. జన్యువుకు నకలు తీసేటప్పుడు దొర్లే తప్పుల్ని వైరస్ దిద్దుకోదు. అవి పేరుకుని ముల్లు తల కాస్త మారితే నిరుటి యాంటీబాడీ పట్టు జారుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏ రకాలుండాలో ప్రకటిస్తుంది. మనం ఉన్నది ఉత్తరాన్నే అయినా, వానలకు ముందు వేయాల్సింది సెప్టెంబరులో తేల్చిన దక్షిణార్ధగోళపు టీకా. టెండరులో ఈ ముక్క రాయకపోతే గడువు దగ్గరపడిన పాత సరుకు అంటగడతారు.

రకం పూర్తిగా కుదరకపోయినా సూది దండగ కాదు. టీకా పడ్డాక లింఫు గ్రంథుల్లో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు పోటీపడతాయి, పట్టు గట్టిగా ఉన్నవి నిలుస్తాయి, వాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. మారిన వైరస్ వచ్చినప్పుడు శరీరం అఆల దగ్గర్నుంచి మొదలెట్టక్కర్లేదు. ఒమిక్రాన్ అప్పుడు జరిగిందిదే: టీకా వేసుకున్నవాళ్లకీ సోకింది గానీ ప్రాణం మీదికి రావడం తగ్గింది. కాబట్టి ఆశా కార్యకర్తల చేత "జలుబే రాదు" అని మాత్రం చెప్పించకండి. మర్నాడు రొంప పట్టినవాడు పై ఏడాది చెయ్యి చాపడు.

గర్భిణికి వేయడం ఇద్దరికి వేసినట్టు. ఆరు నెలలు నిండని బిడ్డకు ఈ టీకా వేయరు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే ఆసరా.

కోళ్ల ఫారాల మాట. 2025 ఫిబ్రవరిలో కానూరు అగ్రహారం, వేల్పూరు ఊళ్ల కోళ్లలో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ బయటపడింది. మామూలు ఫ్లూ టీకా దాన్ని ఆపదు. కానీ ఒకే మనిషిలో రెండు ఫ్లూలూ ఒకేసారి చేరితే అవి జన్యు ముక్కలు మార్చుకోగలవు. ఆ సందు మూయడానికే కూలీలకు టీకా అడుగుతున్నాం.

అన్నిటికంటే మాకు భయం ఐస్ ప్యాకులతో. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకడితే పారేయాలి. పసిపిల్లలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకాలో అల్యూమినియం ఉప్పు ఉంటుంది గనక, గడ్డకట్టిందో లేదో సీసా ఊపి చూసి పోల్చుకోవచ్చు. మామూలు ఫ్లూ టీకాలో ఆ ఉప్పు ఉండదు, ఆ పరీక్ష దీనికి పనికిరాదు, చెడినా కంటికి ఆనదు. రేవులో పడవ వెళ్లిపోతుందనే కంగారులో డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకుల్ని అలాగే టీకాలు మోసుకెళ్లే పెట్టెలో (క్యారియర్‌లో) కుక్కితే జరిగేదిదే. బల్ల మీద పరిచి, చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే నాలుగు ప్యాకులూ సర్దాలి. పడవ వేళ దీన్నిబట్టి పెట్టాలి గానీ, పడవ వేళను బట్టి ఇది కాదు.

పెద్దలకు 0.5 మి.లీ., భుజం కండలో, ఒక్కటే డోసు. జనవరిలో టెండరు, ఏప్రిల్ ఆఖరుకు జిల్లా స్టోరుకు సరుకు, మే నెలలో ముందు లంకలు, తరువాతే గట్టు మీది ఊళ్లు. ఈ వరుసలో ఉత్తర్వు ఇప్పించగలరు.

ఇట్లు,
గోదావరి డెల్టా టీకా సిబ్బంది