పరిష్కారం కాని ఫిర్యాదును ఎలా మూసేశారు?

బెంగళూరు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

మీ దగ్గర కొన్న శాంపిల్ హోల్డర్, అదే లైట్‌షీట్ మైక్రోస్కోప్‌లో నమూనాను పట్టి ఉంచే భాగం, దాని గురించి వేసవి నుంచి మీ పీణ్య ఆఫీసుకు మొత్తుకుంటున్నాను. నిన్న మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది, మాకు రేటింగ్ ఇవ్వండి." ఎవరు పరిష్కరించారండీ? మా ల్యాబ్ గడప తొక్కిన మనిషే లేడు.

వస్తువన్నాక పాడవుతుంది, దానికి కోపం లేదు. నమూనా ఉండే సన్నటి గాజు గొట్టాన్ని, అదే కేపిలరీని, బిగించే చోట పట్టు వదులై గొట్టం కిందికి జారుతోంది, అంతే. ఈ ఒక్క మాట మీవాళ్లలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

మొదట ఎత్తినాయన "మైక్రోస్కోప్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్" అన్నాడు. హోల్డర్‌కు కరెంటే ఉండదు బాబూ అంటే, లైన్‌లో ఉండమని పాట పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత ఒకావిడ సీరియల్ నంబర్ ఫోటో అడిగింది. పంపాను. మర్నాడు ఇంకొకరు అదే ఫోటో అడిగారు. ఆ తర్వాత చెన్నై ఆఫీసుకు కలిపారు. వాళ్లు "బెంగళూరు మా పరిధి కాదు" అని మళ్లీ పీణ్యకే తోశారు. ఎవరికి కలిపినా కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే.

అన్నిటికన్నా ఒళ్లు మండించింది మీ టెక్నికల్ ఎక్స్‌పర్ట్. "అగరోజ్ పల్చగా ఉండుంటుంది, శాతం పెంచండి" అన్నాడు. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండాన్ని రాత్రంతా చూడాలంటే, దాన్ని పట్టి ఉంచే ఈ అగరోజ్ జెల్ మెత్తగానే ఉండాలి. గట్టిదైతే తోక సాగదు, ఎదుగుదల దెబ్బతింటుంది. అయినా జారేది జెల్ కాదు, గొట్టం! పనిలో పనిగా ఎఫ్‌ఈపీ అనే ప్లాస్టిక్ ట్యూబులు కొనమన్నాడు. వెలుగును వంచే తీరులో, అదే వక్రీభవన గుణకంలో, అవి నీటికి దగ్గరగా ఉంటాయని మాకూ తెలుసు, వాడుతున్నాం కూడా. అవీ ఈ హోల్డర్‌లోనే బిగించాలి కదా?

మా పీహెచ్‌డీ అమ్మాయి పడే పాట్లు మీకు తెలియాలి. పొద్దున్నే గుడ్లు ఏరి 28.5 డిగ్రీల్లో పెంచుతుంది. పిండం కదలకుండా ట్రైకెయిన్ మత్తుమందు ఇచ్చి, గోరువెచ్చని అగరోజ్‌తో పాటు కేపిలరీలోకి లాగుతుంది. జెల్ గట్టిపడే లోపే పిండాన్ని సరిగ్గా నిలబెట్టాలి. తర్వాత గొట్టంలోని ప్లంజర్ కడ్డీతో జెల్‌ను కొంచెం బయటికి నెట్టి, నీళ్ల చాంబర్‌లో వేలాడదీస్తుంది. పక్క నుంచి పడే వెలుగు పొర మందం కొన్ని మైక్రాన్లే. గొట్టం వెంట్రుకవాసి జారినా పిండం గుండె ఫ్రేములోంచి పోతుంది. తెల్లారి కంప్యూటర్ తెరిస్తే వరసగా నల్లటి ఫోటోలు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటే నేనేం చెప్పను?

ఇంజనీర్ వస్తున్నాడన్నారు. విజిటర్ పాస్ రాయించి గేటు దగ్గర నిలబడ్డాను. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గరున్నానన్నాడు, ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్. ఆయన కోసమని సిద్ధం చేసిన పిండాలు ఆగవు కదా, ఎదిగిపోయాయి. ఆ రోజంతా వృథా.

ల్యాబ్ పెట్టినప్పటి నుంచి పిపెట్ టిప్పుల దగ్గర్నుంచి అగరోజ్ దాకా మీ దగ్గరే కొన్నాం. వేరేవాళ్లు తక్కువకిస్తామన్నా, మా సార్‌కు నచ్చజెప్పి మీకే ఆర్డర్ ఇప్పించింది నేను. ఉగాదికి స్వీట్లు తెచ్చిన మీ సేల్స్ అబ్బాయి "అక్కా, అర్ధరాత్రయినా ఒక్క ఫోన్ చేయండి" అన్నాడు. మీరు తెలుగువారని చెప్పిందీ అతనే. ఇప్పుడు అతనూ ఫోన్ ఎత్తడం లేదు.

ముందు నా ఫిర్యాదు మళ్లీ తెరవండి. కేపిలరీని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్న మనిషిని పంపండి. హోల్డర్ మారుస్తారో డబ్బు తిరిగిస్తారో మీరే తేల్చండి. లేదంటే వచ్చే కొటేషన్లలో మీ పేరు ఉండదు, మీ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఊళ్లో మాకు తెలిసిన ల్యాబులన్నిటికీ వెళ్తుంది. ఈ ఉత్తరానికీ ఆ మెషిన్ జవాబే వస్తే, తర్వాతి ఉత్తరం మా లాయరు రాస్తారు.

ఇట్లు,
ల్యాబ్ మేనేజర్